లోయ విడిచిన పిల్ల

"ఆ పిల్ల వెళ్ళిపోకుండా ఉండవలసింది."

ఈ మాట అన్నవారు పుస్తకం అట్టమీది బొమ్మ చూసి అభిప్రాయం చెప్పే రకం కారు. ముప్పది సంవత్సరాలు లెక్కలు బోధించి విశ్రాంతి తీసికొంటున్న నా సహోద్యోగి, వయసులో నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఒక పుస్తకాన్ని రెండుసార్లు చదివితే గాని నోరు విప్పని మనిషి. వారి మీద నాకు గౌరవం ఉన్నది. అయినా ఆ వాక్యాన్ని నేను ఒప్పుకోలేను. ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు తోచినంత చెప్పాను; చాలలేదు. అందుచేత ఇక్కడ వ్రాస్తున్నాను. ఇది సమీక్ష కాదు, ఖండన. ఆ సంగతి ముందుగానే చెప్పుకోవడం న్యాయం.

ఈ వాదం పుట్టిన సందర్భం ఇది. 2025 మే 7వ తేదీన దేశంలో అనేక చోట్ల పౌరరక్షణ అభ్యాసం జరిగింది. మన హైదరాబాదులోను, విశాఖపట్నంలోను కూడ సైరన్లు మ్రోగాయి. ఆ సాయంకాలం నడకకు వచ్చిన మిత్రులందరి నోట ఒకటే ప్రశ్న: నిజంగా అణుబాంబే పడితే ఎక్కడ తలదాచుకోవాలి? ఒకరు మెట్రో స్టేషనులో అన్నారు. మన మెట్రో ఆకాశంలో నడుస్తుంది గాని భూగర్భంలో కాదని మరొకరు గుర్తుచేశారు. అందరం నవ్వుకున్నాం. అప్పుడు నేను, "తలదాచుకోవడం సరే, బయటికి ఎప్పుడు రావాలి? ఎవరు రమ్మంటే రావాలి?" అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. మరునాడు మా మిత్రులకు నా దగ్గరున్న ఒక పాత ఆంగ్ల నవల ఇచ్చాను. పది రోజుల తరువాత ఆ పుస్తకంతోబాటు పైవాక్యం తిరిగి వచ్చింది.

నవల పేరు 'జెడ్ ఫర్ జకరాయా'. రచయిత రాబర్ట్ సి. ఓబ్రయన్. అది కలంపేరు, అసలు పేరు రాబర్ట్ లెస్లీ కాన్లీ. నేషనల్ జియాగ్రఫిక్ పత్రికలో సంపాదకవర్గంలో పనిచేసినవాడు. 1971లో వచ్చిన అతని ఎలుకల కథకు పిల్లల సాహిత్యంలో గొప్ప పేరున్న న్యూబెరీ పతకం వచ్చింది. ఈ నవల పూర్తి కాకమునుపే 1973లో ఆయన మరణించాడు. చివరి అధ్యాయాలను ఆయన వ్రాసిపెట్టుకున్న టిప్పణాల ఆధారంగా భార్య, కుమార్తె పూర్తిచేశారు. 1974లో ప్రచురితమైంది.

కథ క్లుప్తంగా చెబుతాను. చదవనివారికి వాదం అందాలి గదా. అమెరికాలో ఒక చిన్న లోయ. అణుయుద్ధంలో చుట్టూ ఉన్న లోకమంతా చచ్చిపోయినా, దాని వాతావరణం దానికే ప్రత్యేకం కావడంచేత ఆ లోయ మాత్రం పచ్చగా మిగిలింది. తల్లిదండ్రులు, తమ్ముడు, దాయాది పిల్లవాడు, అంగడి నడిపే దంపతులు బయట ఎవరైనా బ్రతికి ఉన్నారేమో చూచివస్తామని వెళ్ళి తిరిగి రాలేదు. పదహారేళ్ళు నిండబోతున్న ఆన్ బర్డెన్ అనే పిల్ల ఏడాదికాలంగా అక్కడ ఒంటరిగా ఆవులను, కోళ్ళను, తోటను చూసుకుంటూ బ్రతుకుతున్నది. (బర్డెన్ అంటే ఆంగ్లంలో భారం. రచయిత ఊరకే పెట్టిన పేరు కాదని నా నమ్మకం.) యుద్ధం రాకపోతే ఆమె పంతులమ్మ కావాలనుకున్నది. ఈ సంగతి మరవకండి. మళ్ళీ దీనికి వస్తాను.

ఒకనాడు ఒక మనిషి వస్తాడు. పేరు జాన్ లూమిస్, రసాయన శాస్త్రజ్ఞుడు. రేడియోధార్మికతనుండి కాపాడే ప్రత్యేకమైన దుస్తులు తొడుక్కొని, ఒక తోపుడుబండి లాక్కొంటూ వస్తాడు. ప్రపంచంలో అటువంటి దుస్తులు ఒక్క జతే ఉన్నాయి. ఆ దుస్తులను నేను కవచమని అంటాను. పచ్చటి లోయను చూచిన ఆనందంలో కవచం విప్పి, పక్కనున్న వాగులో స్నానం చేస్తాడు. ఆ లోయలో రెండు నీళ్ళున్నాయి. లోయలోనే పుట్టి చెరువులోకి చేరే ఊటనీరు మంచిది. బయటినుంచి పారివచ్చే వాగు విషం. అతడు విషపు వాగులో దిగాడు. జబ్బుపడ్డాడు. ఆన్ అతనిని ఇంటికి చేర్చి, పగలూ రాత్రీ కాచుకొని, తినిపించి, చదివి వినిపించి, పియానో వాయించి బ్రతికించింది. లేచి తిరగగలిగిన తరువాత అతడు ఏ పైరు వేయాలో, ఎంత దున్నాలో శాసించసాగాడు. తరువాత ఒక రాత్రి ఆమె పడుకొన్న గదిలోకి వచ్చాడు. ఆమె తప్పించుకొని కొండమీది గుహలో దాగింది. అప్పుడతడు ట్రాక్టరు తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడు. అంగడికి తాళం వేశాడు. తుపాకితో ఆమె చీలమండకు కాల్చాడు. ఆమె పెంచిన కుక్కనే తాడుకట్టి ఆమె జాడ తీయడానికి వాడాడు. చివరికి ఆమె కవచాన్ని, బండిని అపహరించి, లోయ విడిచి, చచ్చిపోయిన లోకంలోకి నడిచిపోయింది.

ఇదీ కథ. ఇక మిత్రుల ఆక్షేపణ.

వారనేది ఇది: భూమిమీద మిగిలినది ఒక స్త్రీ, ఒక పురుషుడు. వారు విడిపోతే మనుష్యజాతి ఆగిపోతుంది. అతడు దుర్మార్గుడే అనుకుందాం. అయినా జబ్బుపడి లేచినవాడు, ఒంటరితనంతో మతి చెడినవాడు. కాస్త ఓర్చుకుంటే మెత్తబడేవాడు. పదహారేళ్ళ పిల్ల, కోపంతో, ఉన్న ఒక్క నీడను వదులుకొని ఎండలోకి పోయింది. అది ధైర్యం కాదు, తొందరపాటు.

'నీడ' అనే మాట దగ్గరే నాకు మొదటి అభ్యంతరం. ఎవరి నీడ? ఆ లోయ ఎవరిది? ఆమె తాతలనాటి భూమి. ఆమె ఇల్లు, ఆమె ఆవు, ఆమె దున్నిన మడి, ఆమె కాచిన పొయ్యి. లూమిస్ శరణు జొచ్చి వచ్చినవాడు. నీడ ఇచ్చినది ఆన్, పొందినది లూమిస్. మూడు నెలలు తిరగకుండా నీడ ఇచ్చినది అతడే అయినట్లు మా మిత్రుల నోట పలికించగలిగిందంటే, తాళంచెవికి ఉన్న మహిమ అది! చెవి ఎవరి జేబులో ఉంటే ఇల్లు వాడిదైపోతుంది; ఇంటిలో పుట్టినది కూడ వాడి దయమీద బ్రతికే ప్రాణి అయిపోతుంది.

వృత్తి వాసన పోదు గనుక ఒక మాట. 'ఆశ్రయం' అనే పదం 'శ్రి' అనే ధాతువునుంచి పుట్టింది. ధాతుపాఠంలో ఆ ధాతువుకు చెప్పిన అర్థం సేవ. అంటే ఒకరిని ఆశ్రయించడంలోనే వారికి సేవచేయడం ఇమిడి ఉన్నది. నలభై ఏళ్ళు ఈ వ్యుత్పత్తిని పిల్లలకు చెప్పాను. అందులో ఎంత ప్రమాదం దాగి ఉన్నదో ఈ నవల చదివేవరకు నాకు తట్టలేదు. లూమిస్‌కు ఈ వ్యాకరణం బాగా తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే: కర్త ఎవరు, కర్మ ఎవరు అన్నది.

రెండవ అభ్యంతరం ఎడ్వర్డ్ గురించి. మా మిత్రులు ఎడ్వర్డ్ పేరే ఎత్తలేదు. కథంతా ఆ పేరుమీద నిలబడి ఉన్నదని నా వాదం.

యుద్ధం వచ్చిన రాత్రి లూమిస్, అతని సహచరుడు ఎడ్వర్డ్ భూగర్భంలోని ప్రయోగశాలలో ఉన్నారు. గాలి, నీరు, తిండి ఉన్నాయి, బయట మృత్యువు. ఉన్న కవచం ఒక్కటి. ఎడ్వర్డ్‌కు భార్యాబిడ్డలున్నారు. వారేమయ్యారో చూచివస్తాను, కవచం ఇమ్మన్నాడు. లూమిస్ ఇవ్వలేదు. ఎడ్వర్డ్ తీసికొనిపోబోతే తుపాకితో కాల్చి చంపాడు. ఇది లూమిస్ చెప్పిన కథ కాదు. జ్వరం మత్తులో అతడు పలవరించిన మాటలనుంచి ఆన్ కూర్చుకొన్న కథ. ఆ కవచం మీద తూటాలు చేసిన రంధ్రాలకు వేసిన అతుకులు ఆమె తన కళ్ళతో చూస్తుంది. అంటే లూమిస్ లోయలోకి రాకమునుపే ఒక ఆశ్రయంలో, ఒక ద్వారం దగ్గర, వెళ్ళిపోతానన్న మనిషిని చంపి ఉన్నాడు. ఒంటరితనం అతనిని చెడగొట్టిందన్న వాదం ఇక్కడ కూలిపోతుంది. ఒంటరితనం అతనికి దొరికిన శిక్ష కాదు, అతడు తుపాకితో సంపాదించుకొన్న ఆస్తి.

ఇది రచయిత గాలిలోనుంచి పట్టుకొన్న కల్పన అనుకోకండి. 1961లో బెర్లిన్ విషయమై అమెరికా, రష్యాల మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడు, జూలై 25న అధ్యక్షుడు కెనెడీ దేశాన్ని ఉద్దేశించి ప్రసంగిస్తూ నేలమాళిగల ఏర్పాటుకు ధనం కావాలన్నాడు. సెప్టెంబరులో 'లైఫ్' పత్రిక తన పుటలలోని సలహాలు పాటిస్తే నూటికి 97 మందిలో మీరూ ఉండవచ్చునని ముఖపత్రం మీదనే ప్రకటించింది. లోపల కెనెడీ లేఖ. జనం పెరళ్ళు తవ్వసాగారు. తవ్వినవారికి తవ్వనివారితో చిక్కు వచ్చింది. పక్కింటివాడు పిల్లలను ఎత్తుకొని వచ్చి తలుపు కొడితే ఏం చేయాలి? అదే సెప్టెంబరులో మెక్‌హ్యూ అనే జెస్యూట్ మతాచార్యుడు 'అమెరికా' అనే పత్రికలో నేలమాళిగ వాకిటి నీతిని గురించి ఒక వ్యాసం వ్రాశాడు. తన కుటుంబం కోసం కట్టుకొన్న చోట్లోకి బలవంతంగా చొరబడేవారిని బలప్రయోగంతో అడ్డుకోవడం తప్పుకాదని ఆయన తీర్పు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ నెలలోనే ఇరుగుపొరుగులు ఒక వైద్యుడి నేలమాళిగ తలుపు పగలగొట్టే కథను 'ట్విలైట్ జోన్' అనే ధారావాహికలో టెలివిజను చూపించింది.

ఆనాటి ఈ చర్చలన్నీ లోపలికి రానిచ్చే విషయమై జరిగాయి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని కాల్చవచ్చు? ఓబ్రయన్ ఆ ప్రశ్నను తలక్రిందులు చేశాడు. బయటికి పోతానన్నవాడిని ఏం చేస్తావు? ఎడ్వర్డ్ తలుపు పగలగొట్టుకొని లోపలికి రాలేదు. తలుపు తీసికొని బయటికి పోతానన్నాడు. అతనినీ చంపారు. ఆన్ కూడ బయటికి పోతానన్నదే. ఆమెకూ తూటా తగిలింది. లోపలికి రానివ్వని తలుపు క్రూరమైనదే. బయటికి పోనివ్వని తలుపును చెర అంటాం. ఇంత స్పష్టంగా రచయిత రెండుసార్లు ఒకే తుపాకి పేల్చి చూపిస్తే, లెక్కల మాస్టారికి రెండు ఉదాహరణలనుంచి సూత్రం దొరకకపోవడం ఆశ్చర్యం!

ఇక వంశవాదం. మనుష్యజాతి ఆగిపోతుందట. ఈ వాదం మనకు కొత్తది కాదు. ఆదిపర్వంలో జరత్కారుడనే మహర్షి పెళ్ళి వద్దనుకొని తిరుగుతూ, ఒక గోతిలో గడ్డిపరకను పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడుతున్న పితరులను చూస్తాడు. ఆ గడ్డి వేళ్ళను ఎలుక కొరుకుతూ ఉంటుంది. వంశం నిలబెట్టమని వారు మొరపెట్టుకుంటే అతడు పెళ్ళిచేసుకుంటాడు. ఆ పెళ్ళాడిన నాగకన్య గతి ఏమయిందో మనం అంతగా తలచుకోము. సంధ్యావందనం వేళ దాటిపోతుందని నిద్రలేపినందుకు భర్త ఆమెను విడిచి వెళ్ళిపోయాడు. పితరులు బ్రతికారు, ఆస్తీకుడు పుట్టాడు, సర్పయాగం ఆగింది. అంతా మంచికే జరిగింది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. గోతిలో వ్రేలాడేవారు ఎప్పుడూ పక్కవారి శరీరాన్నే నిచ్చెనగా అడుగుతారని నాకు అనిపిస్తుంది.

లూమిస్ కూడ ఈ భాషే మాట్లాడతాడు. ఈ లోయే మనకు సమస్త ప్రపంచం అనుకొని, ఏళ్ళ తరబడి ముందుకు చూసి ప్రణాళిక వేసుకోవాలని ఆమెకు బోధిస్తాడు. మాట వినడానికి బాగానే ఉంటుంది. అయితే మనుష్యజాతి మీద అంత ప్రేమ ఉన్నవాడు ఎడ్వర్డ్‌ను చంపుతాడా? పదిహేను మైళ్ళలో ఇంకొక లోయ ఉన్నదేమో చూడనిస్తాడా? మిగిలి ఉన్న జనాన్ని వెదకగల సాధనం లోకంలో ఒక్కటే ఉంటే, దానిని పెట్టెలో పెట్టి పక్కన కూర్చుంటాడా? దగ్గరి ఊరి గ్రంథాలయంనుంచి పుస్తకాలు తెచ్చుకోవడానికి ఆ కవచం వాడుకోవచ్చునా అని ఆన్ ఒకసారి అడిగితే అతడు మండిపడ్డాడు. ఆ కోపం చదివిన రోజే నాకతని మీద నమ్మకం పోయింది. రాత్రి గదిలోకి రావడం తరువాతి మాట. పుస్తకాలకోసం గడప దాటుతానన్న పిల్లమీద కోపగించుకొన్నవాడు జాతికోసం ఆలోచిస్తున్నాడంటే నేను నమ్మను. అతడు కోరినది సంతానం కాదు, స్వాధీనం.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మిత్రులమీద ఇంత కోపగించుకొనే అర్హత నాకున్నదా అని నన్ను నేను అడుగుకొన్నాను. ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒకనాటి సాయంకాలం, నా దగ్గర పదవ తరగతి చదివి పెళ్ళిచేసుకొని వెళ్ళిన అమ్మాయి చంకలో బిడ్డతో మా ఇంటికి వచ్చింది. పద్యం చక్కగా చదివే పిల్ల. పుట్టింటికి పోలేనని, ఎక్కడైనా చిన్న ఉద్యోగం చూపించండి మాస్టారూ అని అడిగింది. ఎందుకని నేను వివరంగా అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయం. "ఆడపిల్లకు ఒక నీడ ఉండాలమ్మా, సర్దుకుపోవాలి" అన్నాను. నా భార్య ఆమెకు అన్నం పెట్టింది. ఆమె ఆ రాత్రి బస్సుకే తిరిగి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ తరువాత బస్టాండులో కనబడి నమస్కారం పెట్టింది. బాగున్నావా అంటే బాగున్నానన్నది. ముందరి పళ్ళు రెండు లేవు. నేను ఊరికి పోయే బస్సు వచ్చింది, ఎక్కాను.

మిత్రులు అన్నమాట నేను అన్నమాటే. అందుకే నాకది అంతగా తగిలింది.

వారి వాదంలో బలమైన అంశం ఒకటున్నది. దానిని దాచడం అధర్మం. కవచం ఒక్కటే గనుక, అది ఆన్ తీసికొనిపోతే లూమిస్ జీవితాంతం ఆ లోయలో బందీ. అతనిని ఆమె శిక్షించినట్లే గదా? నేనూ చాలాసేపు ఆలోచించాను. ఆమె అతనికి వదిలిపెట్టినదేమిటో చూడండి: ఇల్లు, ఊటనీరు, చెరువులో చేపలు, ఆవు, పైరు, అంగడిలో సరుకు, ట్రాక్టరు. లోకంలో అంతకంటె సురక్షితమైన చోటు లేదని అతడే నమ్మాడు. ఆమెను ఉంచదలచుకొన్న చోటే అతనికి దక్కింది. అది శిక్ష అయితే, అదే శిక్ష ఆమెకు వేయబోయిన సంగతి కూడ ఒప్పుకోవాలి. పైగా ఆమె దగ్గర తుపాకి ఉన్నది. అతడు జ్వరంతో కదలలేని రోజులున్నాయి. చంపదలిస్తే చంపగలదు. చంపలేదు సరిగదా, గుడికి వెళ్ళి అతనికోసం ప్రార్థన చేసింది. గుహలో దాగిన తరువాత కూడ అతనికి పాలు, గ్రుడ్లు, కూరలు చేరవేసింది.

మనకు తెలిసిన ఆశ్రయభంగ కథలలో గొప్పది లాక్షాగృహం. నెయ్యి, లక్క కలిపి కట్టిన ఆ ఇంటిలో పాండవులు ఏడాదిపాటు, అంతా తెలిసి, తెలియనట్లు కాపురమున్నారు. విదురుడు గూఢంగా చెప్పాడు, పంపిన మనిషి సొరంగం తవ్వాడు, ఒకరాత్రి బయటపడ్డారు. అది తొందరపాటని ఏ పండితుడూ అనలేదు. పురోచనుడిని కాస్త ఓర్చుకుంటే మెత్తబడేవాడని ఎవరూ సలహా చెప్పలేదు. ఆ రాత్రి అదే ఇంటిలో అన్నం తిని నిద్రించిన నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు. ఆ శవాలే పాండవుల శవాలుగా లెక్కకు వచ్చాయి. అంత జరిగినా మనం భీముని భుజబలాన్ని పొగడుతాం. ఆన్ వెనుక కాలిన శవం ఒక్కటి కూడ లేదు. పదహారేళ్ళ పిల్ల, గాయపడిన కాలితో, ఎవరినీ చంపకుండా బయటపడితే దానిని తొందరపాటు అనడానికి మనకు నోరెలా వచ్చింది?

శాస్త్రం విషయమై మరొక మిత్రులు వేసిన ఆక్షేపణకు తక్కువ మాటలలో జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో చాలావరకు వారిదే న్యాయం. చుట్టూ లోకం చస్తే ఒక లోయ మాత్రం మిగలడం అసాధ్యం. బాంబు పడిన తరువాత నేలమీద రాలే అణుధూళి తీవ్రత, కాలం ఏడురెట్లు గడిచినకొద్దీ పదోవంతుకు తగ్గుతుందని ఒక మోటు లెక్క ఉన్నది: ఏడు గంటలకు పదోవంతు, రెండు రోజులకు నూరోవంతు, రెండు వారాలకు వెయ్యోవంతు. ఆ లెక్కనే నమ్మి ఆనాటి ప్రభుత్వాలు రెండు వారాలు దాగి ఉండండి చాలునన్నాయి. ఆ ప్రకారం చూస్తే ఏడాది దాటిన తరువాత కూడ ఒక వాగు స్నానంతోనే మనిషిని పడగొట్టడం అతిశయోక్తి. అయితే రెండు వారాల హామీ అంతకన్న పెద్ద అతిశయోక్తి అని తరువాత తేలింది. కాలిన నగరాల మసి ఆకాశాన్ని కప్పి పంటలు పండకుండా చేస్తుందని 1983లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. అప్పటికి ఓబ్రయన్ పోయి పదేళ్ళు. 2022లో 'నేచర్ ఫుడ్' పత్రికలో వచ్చిన అధ్యయనం భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వస్తేనే ప్రపంచంలో 200 కోట్లకు పైగా జనం ఆకలితో చావవచ్చునని, అమెరికా, రష్యాల మధ్య వస్తే 500 కోట్లకు పైగా అని అంచనా వేసింది. కనుక పచ్చని లోయ లేదు. ఒప్పుకొన్నాను. కాని లోయ అబద్ధమయితే దానిని వదలిన పిల్ల చేసినది మరింత సబబే అవుతుంది గాని తప్పెలా అవుతుంది?

చలనచిత్రం సంగతి. 2015లో క్రెయిగ్ జోబెల్ దర్శకత్వంలో ఈ నవల పేరుతో ఒక చిత్రం వచ్చింది. పేరు మాత్రమే ఈ నవలది. నవలలో లేని మూడవ మనిషిని, కేలబ్ అనే అందగాడైన యువకుడిని ప్రవేశపెట్టి, ఇద్దరు మగవారి మధ్య ఒక స్త్రీ అనే పాత నాటకం ఆడించారు. ఆన్‌ను వయసు వచ్చిన యువతిని చేశారు. చీలమండకు తగిలిన తూటా లేదు, కవచం అపహరణ లేదు. అన్నిటికన్న ఘోరం, ఆమె లోయ విడిచి వెళ్ళదు! చివర లూమిస్ పక్కనే ఉండగా కూర్చొని వాద్యం వాయిస్తుంది. నటీనటులు బాగా చేశారని అందరూ అన్నారు, నేనూ కాదనను. కాని కవచం తొడుక్కొని గడప దాటే ఘట్టం తీసివేసిన తరువాత ఈ కథలో ఏం మిగిలింది? హనుమంతుడు సముద్రం దాటని సుందరకాండ. మా మిత్రులు నవలకన్న ముందు ఈ చిత్రం చూశారని తరువాత తెలిసింది. వారి తీర్పు ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు కొంత అర్థమయింది.

నవలలో లోపాలు లేవా? ఉన్నాయి. ఆమె వెళ్ళిపోయే వేళ లూమిస్ పడమటి దిక్కు చూపించి, అటు పక్షులు తిరగడం చూశానని చెబుతాడు. అంతవరకు మరొక పచ్చని చోటు ఉండవచ్చునన్న మాట దాచినవాడు ఆఖరి పుటలో దయగలవాడు కావడం నాకు నమ్మదగినదిగా లేదు. చదువరికి కాస్త ఆశ మిగిల్చాలని చేసిన పని అని అనుమానం. కుక్క చావు కూడ అవసరానికి మించి మన గుండె పిండుతుంది. ఆమె వెంట వాగు ఈది వచ్చి అది చచ్చిపోతుంది. ఆ పుటలు చదివిన రోజు నేను భోజనం సరిగా చేయలేదు, అది వేరే మాట. ఇక పేరు విషయం: చిన్నప్పుడు ఆమె చదివిన బైబిలు అక్షరమాల పుస్తకంలో ఆదాముతో మొదలై జకరాయాతో ముగుస్తుంది. (మన తెలుగు బైబిలులో జెకర్యా.) ఆదాము మొదటి మనిషి గనుక, జకరాయా చివరి మనిషి కాబోలునని ఆ పసిపిల్ల అనుకొన్నది. లూమిస్ చివరి మనిషి కావాలని చూశాడు. మరొకరు బయట ఉంటే అతడు చివరివాడు కాడు. ఆమె బయటికి పోతే ఆ పదవి పోతుంది. అతని భయమంతా అదేనని నా ఊహ.

చివరి సంభాషణ గురించి మా మిత్రులు నవ్వారు. తుపాకి పట్టుకొన్నవాడి ఎదుట నిలబడి ఆ పిల్ల ఏమంటుంది? ఎడ్వర్డ్‌ను చంపావని తెలుసునంటుంది. తరువాత, జబ్బుగా ఉన్నప్పుడు నీకు సేవచేసినందుకు ఒక్కసారయినా కృతజ్ఞత చెప్పలేదు గదా అంటుంది. అని, ఎంత పసితనపు మాట అన్నానని తనే సిగ్గుపడుతుంది. లోకం అంతమైన వేళ ఇంత చిన్న మాటా అని వారి హేళన. నాకది నవలలోకెల్ల పెద్ద మాట. ఆమె నష్టపరిహారం అడగలేదు, ప్రతీకారం అడగలేదు. తాను చేసినది సేవ అనీ, అది అతని హక్కు కాదనీ గుర్తించమన్నది. ఆ ఒక్క గుర్తింపు మొదటి వారంలో దొరికి ఉంటే ఆమె లోయ విడిచేది కాదేమో. ధాతుపాఠంలోని అర్థాన్ని ఆ పిల్ల సరిచేసింది.

పడమట ఏమీ లేకపోతే? మిత్రుల ఆఖరి ప్రశ్న. ఉండకపోవచ్చు. వెళ్ళకముందు ఆమెకు పదేపదే ఒక కల వస్తుంది: ఎక్కడో ఒక బడి, బల్లలముందు పిల్లలు, చదువు చెప్పేవారు లేక ఎదురుచూస్తూ ఉంటారు. కల ప్రమాణం కాదని నాకు తెలుసు, తార్కికులు నవ్వుతారనీ తెలుసు. లోకంలో తనతో సంతానం కనదలచినవాడు ఒకడు, తన దగ్గర అక్షరాలు నేర్చుకోదలచిన పిల్లలు ఎక్కడో ఉండవచ్చునన్న ఊహ ఒకటి. ఆ రెంటిలో ఆమె రెండవదానివైపు నడిచింది. బడిపంతులుగా బ్రతికినవాడిని గనుక నేను పక్షపాతినని అంటే అనండి.

మిత్రులకు విన్నపం. పుస్తకాన్ని మా మనుమడి చేత మళ్ళీ పంపుతున్నాను. ఈసారి ఎడ్వర్డ్ పలవరింతల అధ్యాయం ముందుగా చదివి, తరువాత మొదటినుంచి ఆరంభించండి. చిత్రాన్ని కొన్నాళ్ళు మరచిపోండి. అప్పటికీ ఆ పిల్ల వెళ్ళకుండా ఉండవలసిందనే మీకు తోస్తే ఆదివారం కాఫీకి రండి. మా ఇంటావిడ కూడ ఈ పుస్తకం కథ విన్నది. మీతో మాట్లాడతానంటున్నది.